పిల్లల ఫుట్‌బాల్: శిక్షణ, నిర్వహణ – ఒక పరిశీలన

పదకొండుమంది ఆడుతుండగా వందమంది కూర్చుని చూడడాన్ని క్రీడాభివృద్ధి అని పిలవడం మన విద్యాసంస్థలకు అలవాటైపోయింది. జట్టు కప్పు గెలిచి తెస్తే అది ప్రిన్సిపాలుగారి గదిలోని గాజు బీరువాలో చేరుతుంది. వార్షికోత్సవం నాడు దానిని తుడిచి బల్లమీద పెడతారు. ఇందులో తప్పు లేదు. గెలుపును గౌరవించని సంస్థ ఎక్కడా ఉండదు. కాని మన కళాశాల ప్రహరీగోడకు అవతల ఉన్న బస్తీల పిల్లలు, ఎనిమిది మొదలు పన్నెండేళ్ల వయస్సువారు, ప్రతి సాయంకాలమూ ఆ గోడ ఎక్కి కూర్చుని మన మైదానంవైపే చూస్తూ ఉంటారు. వారికోసం ఆదివారం ఉదయం మైదానం తెరవాలన్న ఆలోచన ఈ సంవత్సరం కమిటీవారి ముందుకు వచ్చింది. అయితే దానిని ఏ రూపంలో జరపాలన్న విషయంలో రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. పిల్లలందరినీ ఒకనాడు పిలిచి, చురుకైనవారిని పదిహేనుమందిని ఏరి, వారికి మంచి శిక్షణ ఇచ్చి పోటీలకు పంపాలన్నది మొదటిది. ఏరివేత లేకుండా, వచ్చిన ప్రతి పిల్లవానినీ ఆడించాలన్నది రెండవది. మేము రెండవ పక్షాన ఉన్నాము. అందుకు కారణాలను, నిర్వహణ పద్ధతిని ఈ వ్యాసంలో విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ముందుగా పేరు సంగతి. ఈ ఆటను కొందరు తెలుగులో ‘కాల్బంతి’ అని వ్రాస్తారు. తెలుగు బోధించే మాకు ఆ మాట అందంగానే తోస్తుంది గాని, బస్తీలో ఏ పిల్లవాడూ దానిని పలకగా మేము వినలేదు. అమెరికావారు దీనినే సాకర్ అంటారు. మన పిల్లలు ఉర్దూ మాట్లాడినా, తెలుగు మాట్లాడినా ఫుట్‌బాల్ అనే అంటారు. మేమూ ఆ మాటనే వాడుతున్నాము.

ఏరివేతను సమర్థించేవారు తరచుగా హైదరాబాదు పూర్వవైభవాన్ని పేర్కొంటారు. ఆ వైభవం నిజమే. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానం పొందినప్పుడు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ బృందంలో ఉన్నారు. ఆ బృందానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను భారతదేశానికి ఆసియా క్రీడల స్వర్ణపతకం లభించినప్పుడు జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు కూడా ఆయనే. 1963లో ఆయన మరణించాడు. ఆ తరువాత నేటివరకు ఆ పతకం మనకు తిరిగి రాలేదు.

ఇంతవరకు అందరికీ తెలిసిన చరిత్రే. 2024లో ఆయన జీవితంపై హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత మన విద్యార్థులకు ఆయన పేరు మరింత పరిచయమైనది. అయితే రహీం సాహెబ్ మొదట బడిపంతులు అన్న సంగతిని ఆ పతకాల వెలుగులో మనం మరచిపోతున్నాము. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి చోట్ల పాఠాలు చెప్పినవాడు. ఆ తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా పొందినవాడు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి చిరకాలం కార్యదర్శిగా ఉన్న కాలంలో ఆయన పిల్లలకోసం, యువకులకోసం చిత్రమైన పోటీలు ఏర్పాటు చేసేవాడు. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఉంచుకుని ఒంటరిగా పరుగెత్తడం నిషేధం. అందిన వెంటనే తోటివానికి అందించవలసినదే. మరొక పోటీలో అలవాటైన కాలితో తన్నరాదు, రెండవ కాలితోనే ఆడాలి. చూసేవారికి ఇది వేడుకగా ఉండి ఉండవచ్చు. కాని అధ్యాపక వృత్తిలో ఉన్నవారికి దీనిలోని మర్మం వెంటనే అర్థమవుతుంది. కుడికాలితో మేటి అయినవాడు ఎడమకాలితో ఆడవలసి వచ్చినప్పుడు సామాన్యునితో సమానమైపోతాడు. అప్పటివరకు బంతి అందనివానికి బంతి అందుతుంది. నియమాన్ని కొద్దిగా మార్చి, ఎవరినీ తీసివేయకుండానే అందరికీ నేర్పడం అది. రహీం సాహెబ్ ఏరిన జట్లు ప్రసిద్ధమైనవి. ఆయన ఏరకుండా ఆడించిన పోటీలు అంత ప్రసిద్ధం కాలేదు. మన మైదానానికి ఆయననుంచి తీసుకోదగినవి ఆ పోటీలే అని మా అభిప్రాయం.

బలరాం విషయం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో పుట్టిన బాలుడు అతడు. నగరానికి వచ్చి అభ్యాసం చేయడానికి దారి ఖర్చులకు కూడా లేని స్థితిలో రహీం సాహెబ్ అతనికి సైకిలు అద్దె సమకూర్చాడని చెబుతారు. బలరాం 2023లో మరణించేనాటికి దేశం ఎరిగిన ఉత్తమ ఆటగాళ్లలో ఒకడిగా గుర్తింపు పొందాడు. ఆ అద్దె డబ్బులు లేకపోతే ఏమయ్యేది? ప్రవేశ రుసుము, బూట్లు, జెర్సీ, ప్రయాణం అని నాలుగు మెట్లు కట్టి, నాలుగూ ఎక్కివచ్చినవారిలోనుంచి ఏరితే మనం ఏరేది ఆటను కాదు, తండ్రి సంపాదనను.

పదేళ్ల వయస్సులో ఏరివేతకు మరొక దోషం కూడా ఉన్నది. దీనిని 1980ల నుంచి అనేక దేశాల క్రీడాశాస్త్రజ్ఞులు పరిశీలించి చెబుతున్నారు. ఒకే వయోవర్గంలో చేరిన పిల్లలలో సంవత్సరం మొదట పుట్టినవాడు చివర పుట్టినవానికంటే పదకొండు నెలలు పెద్ద. నలభై ఏళ్లవారికి పదకొండు నెలలు లెక్కలోనిది కాదు. తొమ్మిదేళ్లవానికి అది తన జీవితంలో పదోవంతుకు మించినది. పెద్దవాడు కొంత ఎత్తుగా, కొంత బలంగా ఉంటాడు. శిక్షకుని కంటికి అది ప్రతిభగా కనిపిస్తుంది. అతనిని ఏరుతారు, శిక్షణ ఇస్తారు, ఆ శిక్షణవలన నిజంగానే మెరుగవుతాడు. అప్పుడు మన ఎంపిక సరియైనదే అని మనం సంతోషిస్తాము. చిన్నవాడు ఇంటికి పోతాడు. మన బస్తీలలో ఈ చిక్కు ఇంకా ముదిరినది. బడిలో చేర్చేటప్పుడు వ్రాయించిన పుట్టిన తేదీలు ఎటువంటివో అధ్యాపకులందరూ ఎరుగుదురు. ఒక్క తరగతి హాజరుపట్టీలో సగంమంది జూన్ నెలలోనే జన్మించి ఉంటారు!

ఇక పిల్లలు ఏమి కోరుతున్నారన్న ప్రశ్న. 2014లో అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలనే అడిగి, ఆట ఆనందంగా ఉండడానికి కారణాలను సేకరించి ప్రకటించిన అధ్యయనం ఒకటి ఉన్నది. అందులో 81 కారణాలు తేలాయి. తోటివారితో మంచిగా మెలగడం, శక్తివంచన లేకుండా ప్రయత్నించడం, శిక్షకుడు ప్రోత్సాహకరంగా ఉండడం అన్నవి ముందు వరుసలో నిలిచాయి. గెలవడం అన్నది చాలా దిగువన ఉన్నది. పిల్లలకు గెలుపు ఇష్టం లేదని దీని అర్థం కాదు. ఇష్టమే. కాని గెలిచే జట్టులో బయట కూర్చోవడంకంటే ఓడే జట్టులో ఆడడమే వారికి మేలనిపిస్తుంది. ఆ దేశంలోనే 1964లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని టోరెన్స్ పట్టణంలో ప్రారంభమైన యువజన సాకర్ సంస్థ ఒకటి, నమోదైన ప్రతి బిడ్డా ప్రతి పోటీలో కనీసం సగం సేపు ఆడవలసినదే అన్న నియమాన్ని మూలసూత్రంగా పెట్టుకుని నేటికీ నడుస్తున్నది. మేము కోరుతున్నదీ ఆ సగమే.

ఈ సగం ఎలా సాధ్యమన్నది ఇప్పుడు చూద్దాం. ఇందులో రహస్యమంతా జట్టు పరిమాణంలో ఉన్నది. పెద్దల ఆటలో ఇరువైపులా కలిపి ఇరవైరెండుమంది, ఒకటే బంతి. ఆ ఆటను తొమ్మిదేళ్లవారికి పెడితే ఏమి జరుగుతుందో ఏ బస్తీ మైదానంలోనైనా చూడవచ్చు. ముగ్గురు పెద్దపిల్లల మధ్య బంతి తిరుగుతుంది. పదిమంది దాని చుట్టూ గుంపుగా పరుగెత్తుతారు. గోలువద్ద నిలిచినవాడు నేలమీద గీతలు గీస్తూ ఉంటాడు. నలుగురికి నలుగురు ఆడినట్లయితే బంతి ఎనిమిదిమందికే పంచబడుతుంది. దాగడానికి చోటు లేదు. ఎవరికీ బంతి అందకపోవడమూ ఉండదు. ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలు కూడా గత పది పదిహేనేళ్లలో ఈ మార్గానికే వచ్చాయి. అక్కడ మరీ చిన్నవారికి నలుగురు లేదా ఐదుగురు, తొమ్మిది పదేళ్లవారికి ఏడుగురు, పదకొండు పన్నెండేళ్లవారికి తొమ్మిదిమంది చొప్పున జట్లు. పదమూడవ ఏటగాని పదకొండుమంది జట్టు రాదు. మన స్థలం, మన బంతుల సంఖ్య దృష్టిలో పెట్టుకుని మనం అన్ని వయస్సులవారికీ నలుగురి ఆటతోనే ఆరంభించవచ్చును.

స్థలం లెక్క కూడా చెబుతాము. మైదానంలో సగభాగం సుమారు 60 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉన్నదనుకుందాం. అందులో 28 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల చిన్న మైదానాలు నాలుగు పడతాయి; నడుమ నడవడానికి దారి కూడా మిగులుతుంది. ఒక్కొక్కదానిపై ఎనిమిదిమంది చొప్పున ఒకేసారి ముప్పైరెండుమంది ఆడతారు. మిగిలిన సగం మైదానం మన కళాశాల క్రికెట్ వారికే ఉంటుంది. వారితో తగవు పెట్టుకోవలసిన పని లేదు.

నలభైఎనిమిదిమంది పిల్లలు వస్తారనుకుందాం. ఆరుగురు చొప్పున ఎనిమిది జట్లు. పదేళ్లలోపువారివి నాలుగు, పైబడినవారివి నాలుగు. ఒక్కొక్క పోటీ పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. నలుగురు ఆడుతుండగా ఇద్దరు బయట ఉంటారు. నాలుగు భాగాలలో మొత్తం పదహారు స్థానాలు. ఆరుగురికి పంచితే నలుగురు మూడేసి భాగాలు, ఇద్దరు రెండేసి భాగాలు ఆడతారు. అంటే ఎవరికీ ఇరవై నిమిషాలకు తగ్గదు. ఈ వారం రెండు భాగాలు ఆడినవారికి వచ్చే వారం మూడు భాగాలు ఇవ్వాలి. దీనికి ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలును. శిక్షకుని జ్ఞాపకశక్తిమీద మాత్రం వదలరాదు. ఎంత ధర్మపరుడైనా, ఆట వేడెక్కినప్పుడు బలహీనుని పేరు అతనికి గుర్తుకు రాదు. ప్రతి జట్టు తన వర్గంలోని మిగిలిన మూడు జట్లతో రెండేసి మార్లు ఆడితే ఆరు ఆదివారాలు. ఏడవ ఆదివారం జట్లన్నింటినీ కలగలిపి కొత్తగా చీట్లు వేసి ఆడించాలి. చివరి రోజున ఫైనలు అని పెట్టి నలభైమందిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టే ఆచారాన్ని ఇక్కడకు తీసుకురావద్దని మనవి.

జట్లను ఎలా కూర్చాలి? ఇద్దరు నాయకులను నిలబెట్టి ఒక్కొక్కరినీ ఏరుకోమనే పద్ధతి మన పాఠశాలలలో ఎక్కువగా ఉన్నది. చివర మిగిలిపోయిన పిల్లవాని ముఖం చూసినవారు ఆ పద్ధతిని మళ్లీ వాడలేరు. మన పల్లెలలో చెడుగుడు ఆడే పిల్లలు దీనికంటే మంచి ఉపాయం ఎన్నడో కనిపెట్టారు. సమానబలం గల ఇద్దరు ఉద్దిగా కూడి, దూరంగా వెళ్లి, ఒకరికి చెట్టు అని, ఒకరికి పుట్ట అని రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు. నాయకుడు మనిషిని కాక పేరును కోరుకుంటాడు. బలం సమంగా చీలుతుంది. ఎవరూ ఆఖరున మిగలరు. అన్నదమ్ములను, ఒకే సైకిలుమీద వచ్చే స్నేహితులను మాత్రం విడదీయక ఒకే జట్టులో ఉంచడం మేలు. ఒకడు రాకపోతే రెండవవాడూ రాడు. ఉర్దూ మాధ్యమం పిల్లలు ఒక జట్టు, తెలుగు మాధ్యమం పిల్లలు ఒక జట్టు అయ్యే పరిస్థితిని మాత్రం రానీయకూడదు. ఉద్దులను నిర్ణయించేటప్పుడే ఆ జాగ్రత్త తీసుకోవచ్చును.

శిక్షణ సంగతికి వద్దాం. పోటీకి ముందు గాని, వారం మధ్యలో ఒక సాయంకాలం గాని ఒక గంట అభ్యాసం ఉంటే చాలు. పిల్లల శిక్షణను పాడుచేసేవి ముఖ్యంగా మూడు: వరుసలో నిలబెట్టడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం, ఉపన్యాసం ఇవ్వడం. ఉపన్యాసమే జీవనోపాధిగా గల మేము ఈ మాట చెప్పడం కొందరికి నవ్వు తెప్పించవచ్చును. కాని పన్నెండుమంది వరుసలో నిలిచి ఒక్కొక్కరుగా బంతి తన్ని వెనుకకు వెళ్లి నిలబడితే, గంటలో ఒక్కొక్కనికి బంతితో గడిచేది ఐదు నిమిషాలే. మిగిలిన యాభై ఐదు నిమిషాలు ముందువాని వీపు చూడడంలో గడుస్తాయి. కనుక రాగానే ఎంతమంది ఉంటే అంతమందితో చిన్న ఆట మొదలుపెట్టించాలి. ఆలస్యంగా వచ్చినవాడు వచ్చి కలుస్తాడు. ఆ తరువాత పావుగంట తలా ఒక బంతి, లేదా ఇద్దరికొక బంతి. పిల్లలెరిగిన దొంగా పోలీసు ఆటనే బంతితో ఆడించవచ్చును: సున్నంతో గీసిన చతురస్రంలో అందరూ తమ తమ బంతులను కాలితో నడిపిస్తూ ఉంటారు, బంతిలేని ఇద్దరు పోలీసులు ఆ బంతులను గీతదాటించడానికి ప్రయత్నిస్తారు. బంతి పోగొట్టుకున్నవానిని బయట కూర్చోబెట్టకుండా, పరుగున వెళ్లి బంతి తెచ్చుకుని మళ్లీ చేరమనాలి. లేకపోతే ఎవరికి అభ్యాసం అవసరమో వారే ముందుగా బయటపడతారు. మరొక పావుగంట నలుగురు చుట్టూ నిలిచి నడుమ ఉన్న ఒకనికి అందకుండా బంతిని అందించుకునే ఆట. ఇక్కడనే రహీం సాహెబ్ ఎడమకాలి నియమం ప్రయోగించి చూడాలి. మిగిలిన సమయమంతా పోటీ ఆటే.

నలుగురి ఆటలో గోల్‌కీపరు ఉండడు, ఆఫ్‌సైడు ఉండదు. గోలు రెండు మీటర్ల వెడల్పు చాలు. బంతి గీత దాటితే చేతితో విసరనక్కరలేదు, కాలితో లోపలికి నెట్టవచ్చు. ఒక జట్టు ఐదు గోళ్లు వెనుకబడితే దానికి ఐదవ ఆటగానిని అదనంగా ఇవ్వాలి. లెక్కలు పెట్టవద్దంటే పిల్లలు మానతారా అని కొందరు అడుగుతారు. మానరు. ప్రతి పిల్లవానికీ స్కోరు కంఠతా వచ్చే ఉంటుంది. ఉండనివ్వండి. దానిని పట్టికగా వ్రాసి నోటీసుబోర్డుకు అంటించి, అట్టడుగు జట్టును వారంపాటు అందరికీ చూపించవలసిన అవసరం మాత్రం మనకు లేదు.

శిక్షకులుగా రావలసినవారు మన విద్యార్థులే. జట్టుకు ఒకరు చొప్పున ఎనిమిదిమంది, రిఫరీలు నలుగురు, హాజరుపుస్తకానికి, మందులపెట్టెకు ఇద్దరు. అందరూ ఆటలో ఆరితేరినవారు కానక్కరలేదు. నిజానికి మా అనుభవంలో కళాశాల జట్టు మేటి ఆటగానికంటే, జట్టులో చోటు దొరకక ఆటమీద ప్రేమ చావని విద్యార్థే పిల్లలతో ఓపికగా ఉంటాడు. అతడు నేర్చుకోవలసిన కష్టమైన పాఠం ఒక్కటే: ఆట జరుగుతుండగా నోరు మూసుకోవడం. ‘తన్ను, తన్ను’ అని గీతవెంట అరిచే శిక్షకుడు ఆ క్షణంలో పిల్లవాడు తీసుకోవలసిన నిర్ణయాన్ని తాను లాగుకుంటున్నాడు. తన్నాలా, అందించాలా, నడిపించాలా అన్న ఆ అర్ధక్షణపు ఆలోచనే ఫుట్‌బాల్. మిగిలినదంతా వ్యాయామం. విరామంలో ఒకే ఒక్క విషయం, పిల్లవానికి అర్థమయ్యే భాషలో, మోకాళ్లమీద కూర్చుని అతని కళ్లకు సమంగా ఉండి చెప్పాలి. తప్పును పేరుపెట్టి అందరిముందూ ఎత్తిచూపరాదు.

తల్లిదండ్రుల విషయం సున్నితమైనది. రావాలి, కూర్చోవాలి, చప్పట్లు కొట్టాలి. అందరికీ మైదానానికి ఒకే పక్కన చోటు ఏర్పాటు చేసి, రెండవ పక్కన శిక్షకులను నిలపడం మంచిది. రిఫరీగా నిలిచేది పదిహేడు పద్దెనిమిదేళ్ల మన విద్యార్థి. పెద్దమనుషులు అతనిమీదికి వెళ్లి వాదిస్తే అతడు మరుసటివారం రాడు. కనుక రిఫరీతో ఏ పెద్దవారూ మాట్లాడరాదన్న నియమాన్ని మొదటి రోజే, చాయ్ ఇచ్చి, మర్యాదగా చెప్పాలి. నియమం మీరినప్పుడు ఆట ఆపి నిరీక్షించడమే చాలును. నలభైఎనిమిదిమంది పిల్లలు ఒక మనిషివైపు మౌనంగా చూస్తే ఆయన తానే కూర్చుంటాడు.

భద్రత విషయంలో రాజీ పనికిరాదు. గోలుకు ఇటుకలు, రాళ్లు పెట్టే అలవాటు ఉన్నది. పడినవాని పన్ను పోతుంది. వెదురు కర్రలకు గుడ్డ చుట్టి పాతడం గాని, ప్లాస్టిక్ కోన్లు గాని వాడాలి. కదిలించే ఇనుప గోళ్లను నేలకు గట్టిగా బిగించకుండా పిల్లలున్నచోట ఉంచరాదు. అవి మీదపడి పిల్లలు మరణించిన ఉదంతాలు పలుదేశాలలో ఉన్నాయి. బంతి వయస్సుకు తగినది కావాలి. పెద్దల బంతి ఐదవ సైజుది, 410 మొదలు 450 గ్రాముల బరువు. ఎనిమిది పన్నెండేళ్ల మధ్యవారికి నాలుగవ సైజు బంతి సరిపోతుంది. తలతో బంతిని కొట్టడం ఈ వయస్సువారికి వద్దు. అమెరికాలో 2015లో పదేళ్లలోపువారికి దానిని నిషేధించారు; ఇంగ్లండులో 2020లో ప్రాథమిక పాఠశాల వయస్సువారి శిక్షణనుంచి తొలగించారు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు ‘ఏమీ కాలేదు సార్’ అని ఎంత చెప్పినా ఆనాడు తిరిగి ఆడించరాదు, వైద్యునికి చూపాలి. ప్రతి భాగం తరువాత నీరు త్రాగించాలి. ఏ శిక్షకుడూ ఒంటరిగా ఒక బిడ్డతో గదిలోగాని, బండిమీదగాని ఉండరాదు. ఎల్లప్పుడు ఇద్దరు పెద్దలు ఉండాలి. బాలల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. చట్టం ఉన్నదని కాదు, ఆ నియమం శిక్షకునికి కూడా రక్షణే.

బూట్ల మాట. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లు అనేకులు వట్టికాళ్లతో ఆడారు. దానిని గర్వంగా చెప్పుకుంటాము గాని, వట్టికాళ్లవాడు, మేకుల బూట్లవాడు ఒకే మైదానంలో ఉండడం ప్రమాదం. బడికి వేసుకునే కాన్వాస్ బూట్లు అందరికీ నియమంగా పెట్టి, లేనివారికోసం పాతవి సేకరించి స్టోరుగదిలో వివిధ కొలతలలో ఉంచితే ఆ సమస్య తీరుతుంది. వాటిని తీసుకునే పిల్లవాని పేరు పుస్తకంలో వ్రాయనక్కరలేదు. పోతే ఒక జత పోతుంది.

బాలికల విషయం ప్రస్తావించకుండా ఈ వ్యాసం ముగించలేము. గోడమీద కూర్చునేవారు బాలురే కావచ్చును. కాని గోడ ఎక్కడానికి కూడా అనుమతి లేని ఆడపిల్లలు ఆ ఇళ్లలోనే ఉన్నారు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండానుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళాజట్టుకు ఆడింది; 2022లో క్రొయేషియా దేశపు డైనమో జగ్రేబ్ జట్టులో చేరింది. తలపై వస్త్రం ధరించి ఆడడానికి 2014 నుంచి అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాలే అనుమతిస్తున్నవి. కనుక దుస్తుల పేరు చెప్పి మనం తలుపు మూయడానికి వీలులేదు. తల్లులు కోరిన పక్షంలో వేరొక వేళలో, మన విద్యార్థినులే శిక్షకులుగా, అధ్యాపికల పర్యవేక్షణలో ఇదే పద్ధతిలో నాలుగు జట్లు నడపవచ్చును. ఇందుకు అదనపు ఖర్చు లేదు. కావలసినది తాళంచెవి మరొక గంట.

కాలనిర్ణయం: నవంబరు మధ్యలో ఆరంభిస్తే ఏడు ఆదివారాలు సంక్రాంతి సెలవులలోపుగా పూర్తవుతాయి. ఎండ తీవ్రత ఉండదు. మార్చి పరీక్షలకు అడ్డు రాదు. రంజాను మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది గనుక ప్రతి సంవత్సరమూ తేదీలు చూసుకోవాలి. ఉపవాసమున్న పిల్లలను పరుగెత్తించరాదు. సమయం ఉదయం ఏడు మొదలు ఎనిమిదిన్నర. పెద్దవారు మాంసం కొట్టుకు, కూరగాయలకు పోయి వచ్చేసరికి పిల్లలు ఇంటికి చేరుతారు.

కమిటీవారిని మేము కోరేవి ఇవి: మైదానం గేటు తాళంచెవి ఆదివారం ఉదయం ఆరున్నరకు వాచ్‌మన్ వద్ద ఉండడం, నాలుగవ సైజు బంతులు పన్నెండు, గాలిపంపు ఒకటి, ఎనిమిది రంగుల గుడ్డపట్టీలు ఆరేసి, సున్నం రెండు బస్తాలు, మందులపెట్టె, త్రాగునీటి డ్రమ్ములు రెండు. శిక్షకులుగా పేరు ఇవ్వదలచిన విద్యార్థులు తెలుగు శాఖలో మమ్ములను గాని, వ్యాయామోపాధ్యాయులను గాని కలుసుకోవచ్చును. పిల్లల నమోదుకు రుసుము లేదు. నమోదు బల్లను ఆఫీసులో కాక, ఆ గోడ పక్కన, వేపచెట్టు క్రింద వేయిస్తాము.